బండి ఇక్కడ ఇరవై నిమిషాలు ఆగుతుంది

స్టేషన్ హోటల్లో వంటిల్లు చూసుకునే ఆమెకు యాభై రెండేళ్ళు. అయినా ఊరు ఊరంతా ఆమెను ఇప్పటికీ కోడలనే పిలుస్తుంది. పెళ్ళయి ఆ ఇంట్లో కాలుపెట్టిన వారానికే గరిటె చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఒకటో నంబరు ప్లాట్‌ఫారం చివర, పార్సిల్ ఆఫీసు పక్కనున్న ఆ పొడవాటి గదే ఆమెకు ఇల్లూ వాకిలీ అయిపోయింది. పదకొండు బల్లలు, వాటిలో రెండింటికి పాలరాయి పగిలింది. ప్లాట్‌ఫారం వైపు మూడు కిటికీలు. ఆ వెనక, బొగ్గుపొయ్యిల కాలంలో మసిబారి ఎంత తోమినా తెల్లబడని వంటగది.

భర్త కౌంటర్ దగ్గర కూర్చుంటాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆ లోటు పూడ్చడానికా అన్నట్టు మామగారు ఇద్దరి వాటా మాటలూ ఆయనే మాట్లాడేస్తారు. ఎనభై రెండేళ్ళ మనిషి. పొద్దున్నే గడ్డం గీసుకుని, కిటికీ పక్క బల్ల దగ్గర చేరి, వచ్చినవాళ్ళను పలకరించడం తప్ప ఇప్పుడాయనకు వేరే పనిలేదు. ఆయన మాటల్లో నిజం పాలు ఎంతో ఎవరూ చెప్పలేరు. హోటలు గోడకున్న పగులు ఎలా వచ్చిందంటే ఒకరికి భూకంపమని, ఇంకొకరికి ఏనుగని చెబుతారు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నా ఆయనకు జంకు లేదు.

ఆ స్టేషన్లో ఏ బండైనా రెండు నిమిషాలే ఆగుతుంది. ఒక్క మధ్యాహ్నం మెయిలు మాత్రం, టైంటేబుల్ ప్రకారం పన్నెండు నలభైకి వచ్చి ఒంటిగంటకు కదులుతుంది. ఇరవై నిమిషాలు. హోటలు బతుకంతా ఆ ఇరవై నిమిషాలే. జనం బిలబిల దిగి వస్తారు. సూపు, రొట్టె, వేయించిన బంగాళాదుంపలు, ఆమ్లెట్, కాఫీ. అంతే, ఒంటిగంట దాటితే మళ్ళీ ఈగలు, మామగారు.

అలాంటి హోటలుకు ఒక సోమవారం పొద్దున పెద్దాఫీసు నుంచి ఒకామె కారులో వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. భుజాన సంచి, చంకలో లావుపాటి ఫైలు. టైంటేబుల్ ఆఫీసరునని చెప్పుకుంది. కోడలు కాఫీ పట్టుకొస్తే, డ్యూటీలో ఏమీ తీసుకోనని మర్యాదగా పక్కకు జరిపింది.

ఆమె వచ్చిన పని చిన్నదే. కొత్త టైంటేబుల్ తయారవుతోంది. ఏ బండి ఎక్కడ ఎందుకు ఆగుతోందో రాసుకుంటూ వస్తోంది. అన్నిటికీ కారణాలు దొరికాయి, ఈ ఇరవై నిమిషాలకు తప్ప. డెబ్బై రెండేళ్ళ కిందటి టైంటేబుల్లో ఈ స్టేషన్ ఎదురుగా రెండు నిమిషాలని ఉంది. మరుసటి ఏడాది దాంట్లో ఇరవై అని ఉంది. మధ్యలో ఏం జరిగిందో ఏ కాగితమూ చెప్పడం లేదు. స్టేషన్ మాస్టరును అడిగితే, నేను వచ్చి రెండేళ్ళే అయింది, హోటలు పెద్దాయనను అడగండని ఇటు చూపించాడట.

పెద్దాయనను అడగండి అన్న మాట చెవిన పడగానే మామగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. కోడలు వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది.

మొదట నీళ్ళ కథ వచ్చింది. ఆ రోజుల్లో ఆవిరి ఇంజిన్లు కదా, వాటికి దాహం ఎక్కువ, ఈ ఊరి నీళ్ళు తియ్యన, అందుకని మెయిలు ఇక్కడే కడుపునిండా తాగి వెళ్ళేదని చెప్పారు. ఆఫీసరమ్మ ఫైలులోంచి పాత పటం ఒకటి తీసి బల్ల మీద పరిచింది. ఇంజిన్లకు నీళ్ళు పట్టే స్తంభం రెండు స్టేషన్ల అవతల ఉండేది. ఇక్కడ కుళాయి కూడా లేదు.

మామగారు తొణకలేదు. పటం వంక మెచ్చుకోలుగా చూసి, అవునవును, నీళ్ళు కాదు, ఎదురుబండి అన్నారు. ఒక్కటే పట్టాల జత ఉండేది కాబట్టి, అటునుంచి వచ్చే బండికి దారి ఇవ్వడానికి ఇది పక్కన నిలబడేదట. ఆమె మరో కాగితం తీసింది. ఆ ఎదురుబండి తెల్లవారుజామున వెళ్ళిపోయేది.

ఇక మామగారు గొంతు తగ్గించారు. మూడోది మహారాజు కథ. ఎక్కడి నుంచో ఒక మహారాజు ఆ బండిలో వెళ్తూ ఈ హోటల్లో సూపు తాగాడట. సగం తాగేసరికి బండి కూత వేసిందట. మిగతా సగం కోసం మనసు కొట్టుకుని, ఆయనే పైవాళ్ళకు ఉత్తరం రాశాడట.

"ఏ దేశం మహారాజు తాతగారూ?" అని అడిగింది ఆఫీసరమ్మ, పెన్ను తెరిచి.

"చిన్న దేశమమ్మా. ఇప్పుడు లేదు."

ఆమె నవ్వు ఆపుకుని ఫైలు మూసింది. లేచి కోడలి దగ్గరకు వచ్చి, తను మళ్ళీ శుక్రవారం వస్తానని, అప్పటికి సరైన కారణం దొరికితే చెప్పమని, దొరకకపోతే అన్ని బండ్లలాగే దీన్నీ రెండు నిమిషాలు చేసెయ్యక తప్పదని చెప్పింది. కోపంగా చెప్పలేదు. అందుకే కోడలికి ఇంకా భయం వేసింది.

రెండు నిమిషాల్లో మనిషి బండి దిగి, హోటలు బోర్డు చదివి, మళ్ళీ బండి ఎక్కగలడు. అంతకు మించి ఏమీ చెయ్యలేడు.

ఆ మధ్యాహ్నం మెయిలు వెళ్ళాక ఆమె మామగారిని నిలదీసింది. అసలు కారణం మీకు తెలుసా తెలియదా అంది. ఆయన నాలుగో కథకు సిద్ధమవుతున్నట్టు గొంతు సవరించుకోగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. భర్త ఆ రోజుకు మిగిలిన మాటల్లోంచి రెండు ఖర్చుపెట్టాడు. "ఫిట్టరు తాతనడుగు."

ఫిట్టరు తాత అంటే రైల్వే గేటు పక్క ఇంట్లో ఉండే ముసలాయన. తొంభై దాటాయి. ఒకప్పుడు ఇంజిన్లు బాగుచేసేవాడు. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ కుట్టుమిషన్లూ గొళ్ళేలూ బాగుచేస్తూ, అడగనివి కూడా విప్పుతూ కాలక్షేపం చేస్తున్నాడు. మర్నాడు సాయంత్రం కోడలు డబ్బాలో బంగాళాదుంపలు పెట్టుకుని వెళ్ళేసరికి, ఆయన ఎవరిదో టేబుల్ ఫ్యాన్ ముక్కలు ముక్కలుగా పరుచుకుని మధ్యలో కూర్చున్నాడు.

ఆమె అడగాల్సింది అడిగింది. ఆయన డబ్బా మూత తీసి, రెండు ముక్కలు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకుంది. భుజాలు ఎగిరిపడుతుంటే అప్పుడు తెలిసింది, నవ్వుతున్నాడని.

"ఆ ఇంజిన్ను నేను ఏడుసార్లు విప్పాను తల్లీ" అన్నాడు. "దానికే జబ్బూ లేదు. జబ్బంతా డ్రైవరుకే."

ఆయన చెప్పింది ఇది. మామగారి తల్లిని ఊళ్ళో గరిటెమ్మ అనేవాళ్ళు. భర్త పోయాక, పదేళ్ళ కొడుకుతో, పార్సిళ్ళ గదిని అద్దెకు తీసుకుని ఆమె ఈ హోటలు పెట్టింది. పెట్టిందే కానీ తినేవాడు లేడు. రెండు నిమిషాల బండ్లలోంచి ఎవడు దిగుతాడు? ఆర్నెల్లు చూసి మూసెయ్యబోతుంటే, ఒకరోజు మధ్యాహ్నం మెయిలుకు నిజంగానే బ్రేకులు పట్టేశాయి. అవి వదిలేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ లోపల డ్రైవరు హోటల్లో కూర్చుని తిన్నాడు. మంచి కండబట్టిన మనిషి, మీసాలకు ఎప్పుడూ బొగ్గుపొడి. రెండు పళ్ళేలు ఖాళీ చేసి, మూడోది కావాలా అని గరిటెమ్మ అడిగితే ఆమె ముఖం వంక చూసి, జవాబు చెప్పడం మరిచిపోయాడు.

మర్నాడు కూడా బ్రేకులు పట్టేశాయి. ఆ మర్నాడూ అంతే. సరిగ్గా ఈ స్టేషన్లోనే, సరిగ్గా హోటలు ఎదురుగానే. పన్నెండు నిమిషాలు. ప్రయాణికులు ఊరికే కూర్చోలేక దిగడం మొదలుపెట్టారు. ఇక చూడు, బల్లలు చాలలేదు.

వారం తిరిగేసరికి గరిటెమ్మకు సంగతి అర్థమైంది. డ్రైవరును వంటింటి గుమ్మం దగ్గరకు పిలిచింది. తిడుతుందని అతను టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు. పన్నెండు నిమిషాల్లో జనం నోరు కాల్చుకుంటున్నారయ్యా, బాగుచేసేదేదో ఇరవై నిమిషాలు చెయ్యి అంది.

"నన్ను పంపించారు, లోపం ఎక్కడుందో కనిపెట్టమని" అన్నాడు ఫిట్టరు తాత. "అప్పుడు నాకు ఇరవై ఒకటి. గొట్టాలన్నీ విప్పాను, కట్టాను. ఏమీ లేదు. ఆకలేసింది, వెళ్ళి తిన్నాను. తిన్నాక రిపోర్టు రాశాను, లోపం చాలా లోతుగా ఉందీ, మళ్ళీ రావాల్సి ఉంటుందీ అని."

అలా ఏడుసార్లు వచ్చాడు. పైవాళ్ళు ఇంజిన్ను మార్చారు. కొత్త ఇంజిన్కూ అదే జబ్బు చేసింది. డ్రైవర్లను మార్చి మార్చి పంపారు. ఆ వచ్చినవాళ్ళూ మనుషులే కదా, వాళ్ళకూ ఆకలి వేసింది. చివరకు ఏడాదిపాటు రోజూ బండి ఆలస్యం, ఆలస్యం అని రాసుకోలేక ఆఫీసువాళ్ళే విసిగిపోయి, కొత్త టైంటేబుల్లో రెండు కొట్టేసి ఇరవై అని వేశారు. అప్పటి నుంచి బండి ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. బ్రేకులూ పట్టలేదు.

కోడలు ఖాళీ డబ్బా పట్టుకుని పట్టాల పక్కనే నడుచుకుంటూ వచ్చింది. నవ్వు వస్తోంది, ఆగడం లేదు. ఆ వెంటనే శుక్రవారం గుర్తొచ్చింది. ఆఫీసరమ్మకు చెప్పడానికి ఇంతకంటే పాడు కారణం ఉంటుందా? రైల్వేవాళ్ళను ఏడాదిపాటు మోసం చేశాం, దయచేసి కొనసాగించండి అని ఎలా అడగడం?

ఇంటికి వచ్చి మామగారితో, నాకంతా తెలిసిపోయింది మామయ్యా అంది. ఎవరు చెప్పారని ఆయన అడగలేదు. కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నారు. తర్వాత, ఎప్పుడూ లేంది, నెమ్మదిగా మాట్లాడారు. బడిలో పిల్లలు అడిగేవాళ్ళట, మీ అమ్మ కోసమే బండి ఆగుతుందటగా అని. అడిగే తీరు వేరుగా ఉండేది. నవ్వే తీరు ఇంకా వేరుగా ఉండేది. ఒకరోజు పదేళ్ళ పిల్లవాడు తడుముకోకుండా, కాదు, ఇంజిన్కు నీళ్ళు కావాలి అన్నాడు. వాళ్ళు నమ్మేశారు. ఆ తర్వాత నమ్మనివాళ్ళ కోసం ఇంకొకటి, ఇంకొకటి.

"అమ్మను ఎవరూ ఏమీ అనకూడదని చెప్పేవాణ్ణి అమ్మాయ్" అన్నారు. "తర్వాత అలవాటైపోయింది."

మూడేళ్ళకు గరిటెమ్మ ఆ డ్రైవరునే పెళ్ళి చేసుకుందని, అతను మెయిలు వదిలేసి ఈ యార్డులో వ్యాగన్లు అటూ ఇటూ నెట్టే చిన్న ఇంజిన్ మీదకు వచ్చేశాడని, తను నాన్నా అని పిలిచింది ఆయననేనని చెప్పారు. ఈ చివరి ముక్క కోడలికి తెలుసు. హోటల్లో మీసాలాయన ఫొటో ఉంది. కానీ ఆ ఫొటోలో మనిషి ఒక మెయిలు బండికి కావాలనే బ్రేకులు పట్టించాడని మాత్రం తెలియదు.

శుక్రవారం రానే వచ్చింది. ఏం చెప్పాలో తేలక కోడలు పొద్దున్నుంచి ఉల్లిపాయలు అవసరానికి మించి తరుగుతూనే ఉంది. ఆఫీసరమ్మ ఈసారి పన్నెండున్నరకు వచ్చింది. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని అప్పటికే కూర్చుని ఉన్నారు. కోడలు నోరు తెరిచే లోపల ఆయన మొదలుపెట్టారు. తల్లి దగ్గర నుంచి పళ్ళేల దాకా, బ్రేకుల దగ్గర నుంచి టైంటేబుల్ దాకా, ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క దాచకుండా చెప్పారు. డెబ్బై రెండేళ్ళలో ఆ గదిలో ఆయన మొదలు నుంచి చివరి దాకా నిజం చెప్పింది అదే మొదటిసారి. కోడలు తలుపు పక్కన నిలబడి, చెయ్యి తుడుచుకోవడం కూడా మరిచిపోయి విన్నది.

ఆఫీసరమ్మ కూడా శ్రద్ధగానే విన్నది. విని, తల ఊపింది.

"చాలా బాగుంది తాతగారూ. కానీ నిజం చెప్పాలంటే, మహారాజే కొంచెం నమ్మేలా ఉన్నాడు."

మామగారి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. కౌంటర్ దగ్గర భర్త దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు. కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇది నిజమేనండీ అని తను చెప్పాలి. చెబితే పాత మోసం ఫైలుకెక్కుతుంది. చెప్పకపోతే ఈయన ముఖం చూడలేకపోతోంది.

చెప్పడానికే ఒక అడుగు ముందుకు వేసింది. ఇంతలో ఆఫీసరమ్మ చేతి గడియారం చూసుకుని, కిటికీలోంచి తొంగిచూసింది. పన్నెండు నలభై అయిదు. ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది.

"ఇవాళ మెయిలు ఆలస్యమా?"

"ఆలస్యమెందుకండీ" అంది కోడలు, మనసు వేరే చోట ఉండి. "శుక్రవారం కదా. పదకొండు నిమిషాలు మామూలే."

ఆఫీసరమ్మ పెన్ను ఆగింది. మామూలే అంటే ఏమిటని అడిగింది.

కోడలికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. సోమవారం తొమ్మిది, శుక్రవారం పదకొండు, నెల మొదట్లో పన్నెండు. వానాకాలమైతే పధ్నాలుగు దాకా పోతుంది. ఇది తెలియకపోతే వంట ఎలా చేస్తారు? గుడ్లు ముందే పెనం మీద వేస్తే బండి వచ్చేసరికి చెప్పుల అట్టల్లా అవుతాయి. అందుకని వచ్చిన కొత్తలోనే, బండి ఎన్నింటికి వచ్చిందీ, ఎంతమంది తిన్నారూ, ఏం మిగిలిందీ రోజూ ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది. అదే చెప్పింది.

"ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నారు?"

"ఇరవై ఎనిమిదేళ్ళయిందండీ."

పుస్తకాలు చూడాలంది ఆఫీసరమ్మ. పిండి డబ్బాల వెనక అరలోంచి కోడలు వాటిని దించింది. అట్టల మీద నూనె మరకలు, పేజీల్లో పసుపు వేలిముద్రలు. ఆఫీసరమ్మ ఒక్కొక్కటే తిప్పుతుంటే బండి వచ్చింది. పన్నెండు యాభై ఒకటి. జనం లోపలికి తోసుకొచ్చారు. కోడలు వంటింట్లోకి పరిగెత్తింది. తొమ్మిది నిమిషాల్లో నలభై రెండు మందికి పళ్ళేలు అందాయి. గార్డు ఈల వేశాడు. మెయిలు సరిగ్గా ఒంటిగంటకు కదిలింది. ఆ గోల మధ్యలో ఆఫీసరమ్మ తల ఎత్తకుండా చదువుతూనే ఉంది.

గది ఖాళీ అయ్యాక ఆమె విషయం విడమర్చి చెప్పింది. స్టేషన్ రిజిస్టరులో ఈ బండి రాక సమయం ఏళ్ళ తరబడి ఒకటే ఉంది, పన్నెండు నలభై. ఎందుకంటే సమయానికి కదిలిన బండి ఆలస్యంగా వచ్చిందని రాస్తే, ఎందుకు వచ్చిందో సంజాయిషీ కూడా రాయాలి. ఎవరు రాస్తారు? కాబట్టి ఆఫీసుకు తెలిసిందల్లా, మెయిలు ఎప్పుడూ సమయానికే నడిచే మంచి బండి అని. నిజానికి అది రోజూ పది నిమిషాలు వెనకబడి వచ్చి, ఈ స్టేషన్లో ఊపిరి పీల్చుకుని, సమయానికి బయటపడుతోంది. ఇక్కడ రెండు నిమిషాలు చేస్తే ఆ ఆలస్యమంతా చివరి స్టేషన్లో బయటపడుతుంది. పైవాళ్ళు సంజాయిషీ అడిగేది తననే.

ఆఫీసరమ్మ ఫైలు తెరిచి కారణం గడిలో రాసింది. పెద్దగా ఏమీ లేదు, ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి అవసరమని ఒక్క ముక్క. ఎదురుగా ఇరవై అని వేసి, కింద సంతకం చేసింది. నోటుపుస్తకాల్లో రెండింటిని అడిగి తీసుకుంది, రసీదు కూడా ఇచ్చింది. స్టేషన్ మాస్టరు రిజిస్టరు సంగతి మీరేం చేస్తారని కోడలు భయపడుతూ అడిగితే, తనసలు ఆ రిజిస్టరును సరిగ్గా చూడనేలేదంది.

వెళ్ళే ముందు మామగారి బల్ల దగ్గర ఆగింది. నాలుగింటిలో ఏది నిజమో ఇప్పుడైనా చెప్పమని సరదాగా అడిగింది.

"రెండోదమ్మా" అన్నారు ఆయన, ముఖం అటు తిప్పుకుని. "ఎదురుబండి."

హోటలు నిలబడింది. కానీ ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంట్లో ఆయన గొంతు వినపడకపోతే ఎంత వెలితిగా ఉంటుందో కోడలికి అప్పుడే తెలిసింది. రెండో రోజు సాయంత్రం కాఫీ ఇస్తూ, నేను నమ్మాను కదా మామయ్యా అంది. నువ్వు ఫిట్టరు చెబితే నమ్మావు, నేను చెబితే కాదు అన్నారాయన. అబద్ధాలు చెప్పినన్నాళ్ళూ నాకు ఊళ్ళో పరువుండేది, నిజం చెప్పి పోగొట్టుకున్నానని కూడా అన్నారు. అంటూనే కాఫీ రెండో కప్పు అడిగారు. దాంతో ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది.

మూడో రోజు మెయిలు దిగి ఒక ప్రయాణికుడు ఆయన బల్ల దగ్గరే కూర్చున్నాడు. రొట్టె తుంచుకుంటూ, ఈ చిన్న స్టేషన్లో బండి ఇంతసేపు ఎందుకు ఆగుతుందని మాటవరసకు అడిగాడు. వంటింట్లో కోడలు చేతిలో గుడ్డు అలాగే పట్టుకుని చెవి ఒగ్గింది. మామగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. తర్వాత, మా అమ్మ పేరు గరిటెమ్మ అని మొదలుపెట్టారు.

ప్రయాణికుడు తినడం మానేసి వింటున్నాడు. మీసాల డ్రైవరు దాకా వచ్చాక, ఆ ఇంజిన్ ఏ రంగులో ఉండేదని అడిగాడు. మామగారు తడబడ్డారు. గుర్తులేదన్నట్టు పైకి చూశారు. నిజం చెప్పేవాడికి ఇదే ఇబ్బంది, గుర్తులేని చోట ఆగిపోవాల్సి వస్తుంది.

"ఎర్రది" అంది కోడలు వంటింట్లోంచి, గుడ్డు పెనం అంచుకు కొడుతూ. "ముందు భాగాన ఇత్తడి నక్షత్రం కూడా ఉండేది."